ఆరువందల పన్నెండు కుళాయిల నోటిమాట

సోమవారం. వడ్డన ఆగకుండా నడుస్తున్న రోజులు: 4,806

ఈ పుస్తకం నేను అడిగి తెచ్చుకున్నది కాదు. ఊరి పనుల్లో ఉన్నవాళ్ళందరూ రోజూ ఏం చేశారో రాసిపెట్టాలని పెద్దబల్ల పోయిన వారం తీర్మానం చేసింది. పెద్దబల్ల అంటే మా ఎగువదివిని నడిపే ఏడుగురు. నిన్న పుస్తకం చేతికిచ్చి, ముట్టినట్టు సంతకం కూడా పెట్టించుకున్నారు. నా పేరు నాంచారి, వయసు నలభై ఏడు, పని వడ్డన కాపలా. రాయమన్నారు కాబట్టి రాస్తాను. దస్తూరీ బాగోలేదని మాత్రం ఎవరూ నన్ను అనకూడదు.

పొద్దున్న అయిదున్నరకి గది తలుపు తీశాను. బల్లిని తోలాను, దుమ్ము తుడిచాను, ఆరు యంత్రాల ఒంటిమీదా చెయ్యి వేసి వేడి చూశాను. ఆరింటికి ఊరంతా ఒకేసారి లేచి కుళాయి తిప్పుతుంది. మా కొండమీద తిప్పగానే నీళ్ళు రావు. కుళాయి ముందు అడుగుతుంది, ఇవ్వనా అని. ఆ ప్రశ్న వడ్డన అనే పంపిణీ పెట్టెకి వస్తుంది. వడ్డన ఆరు యంత్రాల్లో దేనికి తీరిక ఉందో చూసి దానికి పంపుతుంది. ఆ యంత్రం పొగమంచు నీళ్ళ తొట్ల మట్టం చూసి, ఆ ఇంట్లో ఎంతమందో చూసి, ఇన్ని బిందెలని చెప్పి, కుళాయి కట్టేదాకా లెక్క పట్టుకుంటుంది. బంతిలో ఒక్క విస్తరీ ఖాళీగా ఉండకుండా, వడ్డించే ఏ ఒక్కరి చెయ్యీ పడిపోకుండా చూడటం వడ్డన పని. వడ్డనని చూడటం నా పని. మీటలూ బొత్తాలూ ఏమీ లేవు, నల్ల తెర ముందు కూర్చుని ఒక్కో మాట కొట్టడమే.

ఇవాళ మూడోదాని ఫ్యాను గీ అని ఏడుస్తోంది. వడ్డనకి ఇలా చెప్పాను:

మూడు చాలించు

అంటే దానికి కొత్త ప్రశ్నలు పంపకు, చేతిలో ఉన్నవి మాత్రం పూర్తి చేసుకోనివ్వు అని. వడ్డనని ఆపనక్కర్లేదు, నడుస్తుండగానే చెవిలో చెప్పినట్టు చెప్పొచ్చు. మూడోదాని ఎదురుగా అంకె నలభై నాలుగు, పంతొమ్మిది, ఆరు అవుతూ చివరికి సున్నా అయింది. అప్పుడు ఫ్యాను విప్పి, రెక్కల మధ్య కాపురం పెట్టిన సాలీడుని కుటుంబంతో సహా ఖాళీ చేయించి, మళ్ళీ బిగించి "మూడు పనిలోకి" అన్నాను. ఊళ్ళో ఒక్క కుళాయికి కూడా ఈ సంగతి తెలియలేదు. ఈ ఉద్యోగంలో నాకు నచ్చేది అదే.

మధ్యాహ్నం రెండింటికి ఐదోదాని మీద పడమటి ఎండ పడుతుంది. రోజూ లాగే, దానికి పని తగ్గించమని "వాటా ఐదు 15" అని కొట్టాను. పొద్దుగూకాక మళ్ళీ 40కి పెంచాను. పెంచి లేవబోతుంటే వడ్డన కింద అరలో ఉన్న బ్యాటరీ కంటపడింది. దాని మూత అప్పడంలా పొంగి ఉంది.

మంగళవారం. 4,807

పొంగిన బ్యాటరీ వారం కంటే ఎక్కువ నిలవదని దాని పెట్టెమీదే రాసి ఉంది. కొట్టులో కొత్తది ఉంది, అదేమీ బెంగ కాదు. బెంగ ఏమిటంటే, మార్చాలంటే వడ్డనని పది నిమిషాలు ఆపాలి. పదమూడేళ్ళలో దాన్ని ఎవరూ ఆపలేదు.

కోటిలింగం బాబాయితో చెబుదామని మంచువలల దగ్గరికి ఎక్కాను. నాకు ముందు వడ్డన కాపలా ఆయనదే, నాకు పని నేర్పింది ఆయనే. డెబ్భై ఆరేళ్ళు. మా వాళ్ళంతా దివిసీమ మునిగిపోయి ఈ కొండెక్కిన ఏడు మొదటగా వేసుకున్న గుడిసెల్లో ఇప్పటికీ నిలబడి ఉన్నది ఆయనదొక్కటే. అందరూ కింద ఇటుక ఇళ్ళు కట్టుకున్నారు, ఆయన మాత్రం వలల పక్కనే ఉండిపోయాడు. పొగమంచుని పట్టే ఆ వలలకి ఇప్పుడు చిరుగులు కుడుతుంటాడు.

"బాబాయ్, వడ్డన కింద బ్యాటరీ పొంగింది. ఆదివారం ఓ పది నిమిషాలు ఆపి మార్చాలి."

వల ముడి వేస్తున్న చెయ్యి ఆగింది. "దాన్నెప్పుడూ ఆపలేదే."

"అందుకేగా నీకు చెబుతోంది."

"ఆపి లేపితే దానికేం గుర్తుంటుంది నాంచారీ?"

"రాసి ఉన్నది గుర్తుంటుంది."

"మరి మనం ఎప్పుడన్నా రాశామా?"

నేను అక్కడే వల మీద కూర్చుండిపోయాను. ఆయన లేవమని కూడా అనలేదు.

ఇది చదివేవాళ్ళకి అర్థం కావాలి కాబట్టి రాస్తున్నాను. వడ్డనకి సంగతులు చెప్పడానికి రెండు దారులు. ఒకటి నోటిమాట: తెరమీద కొడితే అప్పటికప్పుడు అమల్లోకి వస్తుంది, వడ్డన నడిచినంతకాలం ఉంటుంది, ఆగితే పోతుంది. రెండోది రాత: లోపల ఒక దస్త్రం ఉంది, వడ్డన లేచినప్పుడల్లా దాన్ని చదువుకుని లేస్తుంది. మొదటి ఏడాది ఎవరో దస్త్రంలో తప్పు రాస్తే ఊరికి రెండు రోజులు నీళ్ళు లేకుండా పోయాయట. అప్పటినుంచి రాతకి తాళం వేశారు. పెద్దబల్ల ఏడుగురూ బొటనవేళ్ళు ఒత్తితే తప్ప అది తెరుచుకోదు. ఏడుగురినీ ఒక చోట కూర్చోబెట్టడం పెళ్ళి చెయ్యడం కంటే కష్టం. అందుకని బాబాయి అన్నీ నోటిమాటగానే చెప్పాడు, నేనూ అలాగే చెప్పాను. ఎప్పుడన్నా ఆగుతుందేమోనన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఇంతకంటే బుద్ధితక్కువ పని ఇంకోటి ఉంటుందా అని దారంతా నన్ను నేనే తిట్టుకుంటూ దిగాను.

సాయంత్రం దస్త్రం తెరిచి చదివాను. చదవడానికి ముద్రలు అక్కర్లేదు. అందులో యంత్రాలు మూడే ఉన్నాయి. కుళాయిల చిట్టాలో ముప్పై ఎనిమిది నంబర్లు ఉన్నాయి. నడుస్తున్న వడ్డనని అడిగితే ఆరువందల పన్నెండు చెప్పింది. చిట్టాలో లేని కుళాయి అడిగితే వడ్డన అసలు వినిపించుకోదు, ఎవరికీ పంపదు. వెనక దొంగ గొట్టాలు ఎక్కువైన రోజుల్లో పెట్టిన నియమం అది.

నా కుళాయి నంబరు 340. దస్త్రంలో మూడుసార్లు వెతికాను. లేదు.

బుధవారం. 4,808

పొద్దున్నే పెద్దబల్ల ఏడుగురినీ ఎలాగో ఒక చోట చేర్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నడుస్తున్న వడ్డనకి తెలిసిందంతా దస్త్రంలోకి రాయించడానికి ఒకే ఒక్క మాట చాలు, "అంతా రాయి" అంటే అదే రాసుకుంటుంది. కావలసింది ఏడు బొటనవేళ్ళు. ఆరుగురు అక్కడికక్కడే ఒత్తారు. ఏడోది ముద్రాధికారి భుజంగరావు గారిది. ఊరి కాగితాలు, ముద్రలు అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు. ఒకరిని పల్లెత్తు మాట అనడు, తన మాట ఒక్క అంగుళం జరపడు.

"నాంచారమ్మా, అయిదువందల డెబ్భై నాలుగు ఇళ్ళు రాతలో లేకుండా పదమూడేళ్ళుగా నీళ్ళు తీసుకుంటున్నాయంటారు. అంతేనా?"

"అంతేనండీ. వాటిల్లో మా ఇల్లూ ఉంది."

"మిమ్మల్ని తప్పుపట్టటం లేదు. కానీ రాత అంటే రాత. ఏ ఇంటికాయిల్లు కాగితం పెట్టాలి. ఎప్పుడొచ్చారు, ఎంతమంది, రాతలో ఉన్నవాళ్ళెవరు పూచీ ఉన్నారు, ఇవన్నీ చూడకుండా నేను వేలు ఎలా ఒత్తుతాను?"

"ఆదివారంలోపు అన్ని కాగితాలు ఎలా చూస్తారండీ?"

"రోజుకి నాలుగైదు చూడగలను."

"అయితే వడ్డన లేచాక మిగతావాళ్ళ పేర్లు నోటిమాటగా మళ్ళీ చెప్పుకుంటాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నోటిమాటగా పేర్లు చేర్చడం ఇకమీదట కూడదని అక్కడే తీర్మానం రాయించాడు. వాటాలు మార్చుకోవచ్చట, యంత్రాలకి విశ్రాంతి ఇచ్చుకోవచ్చట, కుళాయిల పేర్లు మాత్రం రాతలోనే రావాలట. ముందుగా కొండెక్కినవాళ్ళ మొదటి వరస ఇళ్ళు ముప్పై ఎనిమిదీ రాతలో ఉన్నాయి కాబట్టి వాళ్ళకి నీళ్ళు వస్తాయట, మిగతావాళ్ళు వరస వచ్చేదాకా వాళ్ళ దగ్గర బిందెలు పట్టుకోవాలట. భుజంగరావు గారిది మొదటి వరసలో తొమ్మిదో ఇల్లు.

అన్నం సయించలేదు. మజ్జిగ తాగి పడుకున్నాను.

గురువారం. 4,809

ఐదోదానికి ఎండ. వాటా 15. రెండో యంత్రం విశ్రాంతిలోనే ఉంది. అది చిన్నపిల్లలున్న ఇంటిని గుర్తుపట్టదు, అందుకని ఏడేళ్ళ కిందట బాబాయి దాన్ని పక్కన పెట్టాడు. అదీ నోటిమాటే. ఆదివారం లేస్తే అది మళ్ళీ పనిలోకి వచ్చి కూర్చుంటుంది.

మా పక్కింటి లూర్దమ్మ కాగితం పట్టుకుని వరసలో నిలబడితే తోడు వెళ్ళాను. లూర్దమ్మ పెరట్లో సిమెంటు తొట్లలో కొరమీను పెంచుతుంది. ఊళ్ళో ఏ ఇంట్లో పులుసు కాగినా ఆ చేపలే. పోయిన శనివారమే పిల్లలు దిగాయి, నాలుగు వేలకి పైనే ఉంటాయి, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. వాటికి రెండు గంటలకోసారి కొత్త నీళ్ళు తగలాలి. ఒక పూట ఆగితే తట్టుకుంటాయేమో, ఒక రోజు ఆగితే ఒక్కటి కూడా మిగలదు.

కాగితం మీద ప్రశ్నలు ఆయనే చదివాడు. "ఎవరు పిలిస్తే వచ్చారమ్మా?"

"ఎవురూ పిలవలేదండీ. నీళ్ళు తరిమితే వచ్చాం."

ఆయన అదే రాసుకున్నాడు. "పూచీ ఎవరు?"

లూర్దమ్మ నా వైపు చూసింది. నేను రాతలో లేను, నా పూచీ చెల్లదు. అప్పుడు భుజంగరావు గారు కలం మూత తీసి, "నేనుంటాను పూచీ. మీరు ఎలాంటివారో నాకు తెలుసు" అని తానే సంతకం చేశాడు. నాకు ఆయన మీదున్న కోపం సగం దిగింది. మిగతా సగం వెంటనే ఎక్కింది, ఎందుకంటే ఆయన ఆ కాగితాన్ని దొంతరలో మూడువందల తొంభై ఒకటో చోట పెట్టాడు. ఊరికి వచ్చిన తేదీల ప్రకారం లూర్దమ్మ వరస అదట.

"అయ్యా, పిల్లలు సచ్చిపోతాయండీ" అంది లూర్దమ్మ.

"నాకూ బాధగానే ఉందమ్మా. ఒకరికి వరస తప్పిస్తే ఇంకొకరికి ఏం చెప్పను?"

దారిలో లూర్దమ్మ ఏడవలేదు. "వదినా, ఆదివారం లోపల ఎన్ని బిందెలు నింపుకోవచ్చో లెక్క చెప్పు" అంది. లెక్క చెప్పాను. ఒకటిన్నర రోజుకి సరిపోతాయి. ఆమె వరస రావడానికి మూడు నెలలు పడుతుంది.

శుక్రవారం. 4,810

నిన్నా ఇవాళా కలిపి భుజంగరావు గారు తొమ్మిది కాగితాలు పూర్తి చేశాడు. అవి రాతలోకి ఎక్కేది ఆదివారమే. భోజనానికి కూడా లేవలేదని విన్నాను. అలాంటి మనిషిని తిట్టుకోవాలన్నా నోరు రాదు, అదీ నా కర్మ.

సాయంత్రం బాబాయి కొండ దిగి గదికి వచ్చాడు. తెరముందు ఆయన పాత పీట ఇంకా ఉంది, దాని మీద కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నేనైతే ఆదివారం పేర్లన్నీ చెప్పేసేవాణ్ణి. తీర్మానం గీర్మానం తర్వాత చూసుకునేవాణ్ణి."

"నువ్వు ఉన్నన్నాళ్ళూ అలాగే చేశావు బాబాయ్, నీ తర్వాత నేనూ. అందుకే ఇవాళ ఇలా కూర్చున్నాం."

కటువుగానే అన్నాను.  ఆయన మెల్లిగా, "నిజమేలే. వాళ్ళు కుళాయి బిగించుకుని ఎదురుచూస్తా ఉండేవాళ్ళమ్మాయ్. ఏడుగురు కూర్చునేదాకా ఆగమని ఎట్టా చెప్పను? పూటకొక ఇల్లు చేర్చాను. అది తప్పని నాకెప్పుడూ అనిపించలా" అన్నాడు.

తప్పు కాదు. నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఇప్పుడు నాకు రాత కావాలి. రేపు నేను మెట్ల మీద జారిపడినా, ఆ బ్యాటరీ ఎల్లుండిదాకా ఆగకుండా ముందే చచ్చినా, ఆరువందల కుళాయిలు ఒక్క క్షణంలో ఎవరివీ కాకుండా పోకూడదు. ఈ విషయంలో నేనూ భుజంగరావు గారూ ఒకే మాట మీద ఉన్నామని తలుచుకుంటే నవ్వొచ్చింది. బాబాయికి చెబితే ఆయనా నవ్వాడు, కానీ ఆ పేరు వినగానే మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాళ్ళిద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఎందుకో నేను ఎప్పుడూ అడగలేదు.

శనివారం. 4,811

పొద్దున్న రద్దీ అయ్యాక ఊరికే ఉండలేక ఒక పని చేశాను. ఆదివారం నీళ్ళు వచ్చే ముప్పై ఎనిమిది ఇళ్ళూ రోజుకి ఎంత వాడతాయో తెలిస్తే, వాళ్ళ దగ్గర మిగతావాళ్ళు ఎన్ని బిందెలు పట్టుకోవచ్చో లెక్క కట్టొచ్చు కదా. ఏ కుళాయి ఎన్నిసార్లు అడిగిందో, ఆఖరిసారి ఎప్పుడు అడిగిందో వడ్డన దగ్గర ఉంటుంది. దస్త్రంలో ఉన్న ముప్పై ఎనిమిది నంబర్లూ ఇచ్చి, ఈ ఏడాది లెక్క చూపించమన్నాను.

మొదటిది సున్నా. రెండోది సున్నా. పొరపాటు కొట్టానేమోనని చెరిపి మళ్ళీ కొట్టాను. సున్నా, సున్నా, సున్నా, పై నుంచి కిందిదాకా ముప్పై ఏడు సున్నాలు. ఒక్క ఇరవై రెండో నంబరు దగ్గర మాత్రం అంకె ఉంది, అదీ ఈ పొద్దుటిది కూడా కలుపుకుని.

కాసేపు బుర్ర పనిచెయ్యలేదు. మొదటి వరసలో రోజూ అందరూ స్నానాలు చేస్తున్నారు, మొక్కలు కూడా పెంచుతున్నారు. మరి అడగకుండా నీళ్ళెలా వస్తున్నాయి? అప్పుడు తట్టింది. ఆ ముప్పై ఎనిమిదీ ఇళ్ళ కుళాయిలు కావు, మొదటి ఏడాది గుడిసెలవి. గుడిసెలు పీకి కింద ఇటుక ఇళ్ళు కట్టుకున్నప్పుడు కొత్త కుళాయిలు, కొత్త నంబర్లు వచ్చాయి. వాటిని కూడా ఎవరో నోటిమాటగానే చేర్చారు. ఎవరో ఏమిటి, బాబాయే. గుడిసె వదలని మనిషి కూడా ఆయనొక్కడే. ఇరవై రెండు ఆయనది.

అంటే ఎగువదివి మొత్తంలో రాతలో ఉన్న మనిషి ఒక్కడు. ఎన్నడూ ఏదీ రాయనివాడు.

గదిలో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. నవ్వాక భయమేసింది. రేపు భుజంగరావు గారు చెప్పినట్టు ఆపి లేపితే, ఆ తొమ్మిది కాగితాలవి కాక ఊరంతటికీ ఒక గుడిసె కుళాయి మిగిలేది.

ఆ లెక్క కాగితం మీద అచ్చు తీసుకుని మొదటి వరసకి వెళ్ళాను. పెద్దబల్లకి వెళ్ళి అందరి ముందు చెప్పొచ్చు, నోరు దురద పెట్టింది కూడా. కానీ లూర్దమ్మ కాగితం మీద ఆయన చేసిన సంతకం గుర్తొచ్చి ఇంటికే వెళ్ళాను. భుజంగరావు గారు పెరట్లో బెండ మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. కుళాయి ధారగా పడుతోంది.

"అయ్యా, మీ కుళాయి మెడ మీద నంబరు ఒకసారి చదువుతారా?"

భుజాన ఉన్న తువ్వాలుతో పాచి తుడిచి వంగి చూశాడు. "రెండువందల పదిహేడు."

"రాతలో మీది తొమ్మిది."

ఆయన కాగితం తీసుకున్నాడు. తొమ్మిది ఎదురుగా సున్నా చూశాడు, పక్క వరసలో ఆఖరి ప్రశ్న ఎన్నాళ్ళ కిందటిదో చూశాడు. పదకొండేళ్ళ మూడు నెలలు. మిగతా సున్నాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దిగుతూ ఇరవై రెండు దగ్గర ఆగాడు. మనిషి తెలివైనవాడు, నేను విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. కుళాయి కట్టేశాడు.

"రెండువందల పదిహేడు ఎవరు చేర్చారు?"

"కోటిలింగం బాబాయి. వడ్డన లేచిన ఏడువందల రెండో రోజు, సాయంత్రం నాలుగింటికి. అందులో ఉంది."

ఆయన బెండమళ్ళ గట్టు మీద కూర్చున్నాడు. తెల్ల పంచెకి బురద అంటుకుంది, చూసుకోలేదు.

"ఆ రోజు పొద్దున్న నేను పెద్దబల్లలో లేచి, కోటిలింగాన్ని పనిలోంచి తీసెయ్యాలన్నాను. అన్నీ నోటిమాటగా చేస్తున్నాడు, ఇది ఊరికి ప్రమాదమన్నాను. చాలా మాటలన్నాను. ఆ సాయంత్రమే మా గృహప్రవేశం. పాలు పొంగించాం. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. వస్తాయిగా అనుకున్నాను."

నేనూ ఆయన పక్కనే గట్టు మీద కూర్చున్నాను. 

కాసేపటికి తేరుకుని ఆయన అన్న మాట ఇది, దేవుడి మీద ఒట్టు: "అయితే నేనూ కాగితం పెట్టాలి."

"అయ్యా, రేపు బ్యాటరీ మార్చాలి."

"పెట్టాలమ్మా. రాతలో లేనివాడిని రాతకి వేలు ఎలా ఒత్తను? పైగా నేను పెట్టిన పూచీలు కూడా చెల్లవు. మొదటి వరసవాళ్ళు పెట్టినవేవీ చెల్లవు." లేచి పంచె దులుపుకున్నాడు. "పూచీ పెట్టగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. పదండి."

"ఇప్పుడా?"

"చెప్పులేసుకుని వస్తాను."

వలల దగ్గరికి నాలుగువందల పన్నెండు మెట్లు. మధ్యలో రెండు చోట్ల ఆగాడు, ఆయాసానికి కాదనుకుంటాను. బాబాయి మమ్మల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. భుజంగరావు గారు ఆయన ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"కోటిలింగం గారూ, నాకు మీ పూచీ కావాలి."

బాబాయి నా వైపు చూశాడు. సంగతంతా నేను చెప్పాను. ముప్పై ఏడు సున్నాల దగ్గర ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"ఒక్కటడుగుతాను" అన్నాడు భుజంగరావు గారు. "ఆ రోజు నేను మిమ్మల్ని అన్ని మాటలన్నాను. సాయంత్రానికి నా కుళాయి చేర్చారు. ఎందుకు?"

బాబాయి వల ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. "అన్నది మీరు. మీ కుళాయి నన్నేం అనలేదుగా."

 నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను.

టీ తాగాక భుజంగరావు గారు సంచిలోంచి పూచీ కాగితాల దొంతర తీశాడు. అయిదువందల డెబ్భై నాలుగు సంతకాలు పెట్టాలనేసరికి బాబాయి తన చేతివేళ్ళు చూపించాడు, వల దారం కోసిన గీతలతో వంగిపోయిన వేళ్ళు. ముద్రాధికారి కాసేపు ఆలోచించి ఒక తెల్లకాగితం ఇచ్చాడు. పూచీ మాట ఇలాగే ఉండాలన్న నియమం ఏదీ లేదు, రాతలో ఉన్నవాడు తన చేత్తో రాస్తే చాలు అన్నాడు. బాబాయి చాలా నెమ్మదిగా రాశాడు. కింద వడ్డన చిట్టా అంటించారు; ఎవరు ఎప్పుడు చేరారో, ఇంట్లో ఎంతమందో అందులోనే ఉంది. పైన ఉన్నది ఒక్కటే వాక్యం.

"వీళ్ళందరూ నాకు తెలుసు. కోటిలింగం, కుళాయి 22."

ఆదివారం. 4,812. తర్వాత 0

ఉదయం ఎనిమిదింటికి భుజంగరావు గారు ఏడో వేలు ఒత్తాడు. "అంతా రాయి" అన్నాను. వడ్డన రాసుకుంది. ఆరు యంత్రాలు, వాటి వాటాలు, రెండోదాని విశ్రాంతి, అయిదువందల డెబ్భై అయిదు కుళాయిలు. ఎవరూ అడగని ముప్పై ఏడు నంబర్లనీ తీసేయించాను. రాసింది నేను ఒకసారి, ఆయన ఒకసారి, మొదటి నుంచి చివరిదాకా చదివాం. 340 దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి "ఇది మీదేగా" అన్నాడు. నాదేనన్నాను.

తొమ్మిదింటికి ఆపాను. ఫ్యాన్లు ఆగాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. పాత బ్యాటరీ పీకి కొత్తది బిగించేసరికి ఎనిమిది నిమిషాలు పట్టింది.  కరెంటు ఇచ్చాను. తెర వెలిగింది, వడ్డన దస్త్రం చదువుకుంది, అయిదువందల డెబ్భై అయిదు అంది. అన్నిటి ఎదురుగా సున్నాలే.

మొదటి ప్రశ్న లూర్దమ్మ పెరటిది. అది కాకతాళీయం కాదు. భుజంగరావు గారు తెల్లవారగానే ఇంటింటికీ తిరిగి, చేపపిల్లలకి నీళ్ళు అందేదాకా ఎవరూ కుళాయి తిప్పవద్దని చెప్పాడట. వరస తప్పించడం ఆయన జీవితంలో ఇదే మొదలు. చేపపిల్లలకి అందాయన్న కబురు వెళ్ళాక ఊరంతా ఒక్కసారిగా తిప్పింది. తెర నిండా అంకెలు పరుగెత్తాయి. నేను పీట మీద కూలబడి, సిగ్గులేకుండా, హాయిగా ఏడ్చాను.

రెండింటికి ఐదోదాని వాటా 15కి తగ్గించాను. నోటిమాటగానే. ఎండ మాట రాతలోకి ఎక్కించనక్కర్లేదు.

నాలుగింటికి చిట్టా చూస్తే ఒక్క కుళాయి దగ్గర మాత్రం ఇంకా సున్నా ఉంది. 217.  నంబరు తప్పు పడిందేమోనని దస్త్రం తెరిచి చూశాను, సరిగ్గానే ఉంది. గొట్టం ఏమన్నా పగిలిందేమోనని పరుగులాంటి నడకతో మొదటి వరసకి వెళ్ళాను.

భుజంగరావు గారు పెరట్లో కుళాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. బెండ ఆకులు ఎండకి వాలిపోయి ఉన్నాయి. పక్కన ఖాళీ బిందె ఉంది.

"అందరికీ వచ్చాయా?" అని అడిగాడు.

"వచ్చాయండీ. మీరొక్కరే మిగిలారు."

తల ఊపి, లేచి, కుళాయి తిప్పాడు.